భయం కిరణాలది, బాధ రెప్పలది

ఇరవై, పాతికేళ్ళ కిందట ఏ నెట్ సెంటర్‌కి వెళ్ళినా, అమీర్‌పేటలో ఏ కంప్యూటర్ కోచింగ్ సెంటర్ మెట్లెక్కినా మానిటర్ల ముందు ఒక నల్లటి పలక వేలాడుతూ కనిపించేది. కొందరు దాన్ని యాంటీ గ్లేర్ అనేవారు, కొందరు రేడియేషన్ ఫిల్టర్ అనేవారు. పలక అంచు నుంచి సన్నటి తీగ ఒకటి బయటికి వచ్చేది. దాని కొసను కంప్యూటర్ వెనక ఇనుప భాగానికి తగిలించి ఎర్తింగ్ ఇవ్వాలి. చాలాచోట్ల ఆ తీగ ఎక్కడా తగలకుండా గాలిలో ఊగుతూ ఉండేది. అయినా దాని వెనక కూర్చున్నవారికి ఒక ధైర్యం: కిరణాలు మన దాకా రావు కదా అని. సాయంత్రానికి కళ్ళు మండేవి, తల బరువెక్కేది. ఫిల్టర్ ఉన్న మానిటర్ దగ్గరా అంతే, లేని మానిటర్ దగ్గరా అంతే.

ఆ పలకలు ఇప్పుడు లేవు. వాటి స్థానంలో నీలి కాంతిని ఆపుతామనే కళ్ళద్దాలు, ఫోను వెనక అంటించే రేడియేషన్ చిప్పులు, మానిటర్ పక్కన పెట్టే ముళ్ళ మొక్కలు వచ్చాయి. వస్తువు మారింది, భయం మారలేదు. తెర నుంచి వచ్చే కిరణాలు హాని చేస్తాయా అన్నది ఒక ప్రశ్న. తెర చూస్తే కళ్ళెందుకు నొప్పి పుడతాయి అన్నది మరో ప్రశ్న. రెండింటినీ కలిపేయడం వల్లే డబ్బు ఒకచోట ఖర్చవుతోంది, బాధ మరోచోట మిగిలిపోతోంది. అందుకే వీటిని విడివిడిగా చూద్దాం.

అన్ని కిరణాలూ ఒకటి కావు

రేడియేషన్ అంటే ప్రసరించే శక్తి. పొయ్యి సెగ, రేడియో తరంగాలు, వెన్నెల, ఎక్స్-రే అన్నీ ఆ కోవలోవే. ఏది శరీర కణాలకు హాని చేస్తుందో తేల్చే మొదటి కొలత, ఒక్కో ఫోటాన్ మోసుకొచ్చే శక్తి. దాన్ని ఎలక్ట్రాన్ వోల్టుల్లో చెబుతారు. నీటి అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టాలంటే సుమారు 12.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అలా ఊడగొట్టగల కిరణాలే అయనీకరణ కిరణాలు. డీఎన్‌ఏను తెంచి, క్యాన్సర్‌కు దారితీయగల శక్తి వాటికుంది. మన కంటికి కనిపించే కాంతిలో ఒక్కో ఫోటాన్ శక్తి 1.65 నుంచి 3.1 ఎలక్ట్రాన్ వోల్టుల లోపే. అందరూ భయపడే నీలి కాంతిది 2.8 దగ్గర. వైఫై, బ్లూటూత్ తరంగాలది ఇందులో లక్షో వంతు కూడా ఉండదు.

చెట్టు చివరి మామిడికాయను రాలగొట్టాలంటే అంత ఎత్తుకు చేరే రాయి ఒక్కటి చాలు. చేరని గులకరాళ్ళు గంపెడు విసిరినా కాయ రాలదు. అయనీకరణ విషయంలోనూ అంతే. తెర ముందు ఎన్ని గంటలు కూర్చున్నా, చాలని శక్తి గల ఫోటాన్లు ఎన్ని వచ్చిపడినా, అవి ఎక్స్-రే చేసే పని చేయలేవు.

పాత డబ్బా తెర కథ

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి పుట్టలేదు. దానికి అసలైన చరిత్ర ఉంది.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో శాస్త్రవేత్త రాంట్‌జన్ ఎక్స్-రేలను కనుక్కున్నది కాథోడ్ కిరణాల గొట్టంతో పనిచేస్తూనే. రెండేళ్ళకు, 1897లో, కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అదే జాతి గొట్టంతో తెర మీద చుక్కను నడిపించి చూపాడు. టీవీ పిక్చర్ ట్యూబుకు మూలం అదే. గొట్టం వెనక భాగంలో వేడెక్కిన కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరతాయి. కలర్ టీవీలో అయితే సుమారు 25 వేల వోల్టుల ఒత్తిడి వాటిని ముందుకు తోస్తుంది. అంత వేగంతో వచ్చి తెర లోపలి పూతను గుద్దుకుంటే వెలుగు పుడుతుంది, దాంతోపాటు తక్కువ శక్తి గల ఎక్స్-రేలూ కొద్దిగా పుడతాయి. కాబట్టి డబ్బా టీవీలో ఎక్స్-రేలు పుట్టే మాట నిజమే. అవి బయటికి రాకుండా ఆపింది ఆ గాజు. ముందు పలకలో బేరియం, స్ట్రాన్షియం, వెనక గరాటు భాగంలో సీసం కలిపి పోసిన మందపాటి గాజు అది. పాత టీవీని ఇద్దరు పట్టుకుంటే గానీ కదలకపోవడానికి కారణం చాలావరకు ఆ గాజే.

ఒకసారి మాత్రం లెక్క తప్పింది. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పెద్ద తెర కలర్ టీవీలు కొన్ని మోతాదు మించి ఎక్స్-రేలు వదులుతున్నట్టు తేలింది. సుమారు 90 వేల సెట్లను సరిచేయాల్సి వచ్చింది. విచిత్రం ఏమిటంటే, ఆ కిరణాలు తెరలోంచి రాలేదు. లోపల వోల్టేజీని అదుపు చేసే ఒక వాల్వు నుంచి పుట్టి, సెట్టు అడుగు నుంచి కిందికి పోయేవి. ఈ గొడవతో 1968లో అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. టీవీ బయటి ఉపరితలానికి 5 సెంటీమీటర్ల దూరంలో కొలిచినా గంటకు 0.5 మిల్లీరాంట్‌జన్ దాటకూడదని నియమం వచ్చింది. ఆ తరవాత వచ్చిన సెట్లలో ఆ సమస్య ముగిసింది. టీవీకి దగ్గరగా కూర్చుంటే కళ్ళు పోతాయన్న హెచ్చరిక మాత్రం దేశాలు దాటి, తరాలు దాటి, మన ఇళ్ళలో అమ్మమ్మల నోట నిలిచిపోయింది.

సరిగ్గా ఆ 1967లోనే హైదరాబాద్‌లో అణుశక్తి శాఖ కింద ఇసిఐఎల్ పుట్టింది. అది ఒకపక్క ఇసి టీవీలు తయారుచేసింది, మరోపక్క అణు కేంద్రాలకు రేడియేషన్ కొలిచే పరికరాలు తయారుచేసింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక తెలుగు ఇళ్ళలోకి వచ్చిన పెట్టెల్లో ఆ పేరున్నవి చాలానే. కిరణాలను కొలవడం ఎరిగిన సంస్థే తయారుచేసిన టీవీ ముందు కూర్చుని కూడా మనవాళ్ళు కిరణాలకు జంకారన్నమాట.

1980ల నాటికి ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి. టైపు పనిచేసే మహిళల్లో గర్భస్రావాలు ఎక్కువవుతున్నాయన్న వార్తలు అమెరికా, కెనడాల్లో గగ్గోలు పుట్టించాయి. దీన్ని తేల్చడానికి అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ టెలిఫోన్ ఆపరేటర్లను ఎంచుకుంది. ఒక వర్గం రోజంతా డబ్బా తెరల ముందు పనిచేసేవారు. రెండో వర్గం అదే రకం పని, అవే పనిగంటలు, కానీ ముందున్నది వేరే రకం దీపాల పలక. ఎనిమిది వందలకు పైగా గర్భాల లెక్క తీశారు. 1991లో ఫలితం వెలువడింది: తెర ముందు పనిచేసినవారిలో గర్భస్రావాలు సుమారు 15 శాతం, పనిచేయనివారిలో సుమారు 16 శాతం. తేడా లేనట్టే. ఇలాంటి భయాలు నడుస్తుండగానే స్వీడన్ మానిటర్ల చుట్టూ ఉండే విద్యుత్, అయస్కాంత క్షేత్రాలకు హద్దులు పెట్టింది. అక్కడి ఉద్యోగ సంఘాల సమాఖ్య 1992లో టీసీఓ ముద్ర తెచ్చింది. మన పాత మానిటర్ల మూల కనిపించిన టీసీఓ స్టిక్కర్ అదే.

ఇప్పటి బల్లపరుపు తెరలో ఎలక్ట్రాన్లను తోసే గొట్టమే లేదు, పాతిక వేల వోల్టులూ లేవు. చాలావాటిలో వెనక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతాయి, ముందు ద్రవ స్ఫటికాలు ఆ వెలుగును వదులుతూ, ఆపుతూ బొమ్మ కడతాయి. ఎక్స్-రే పుట్టే చోటే లేనప్పుడు దాన్ని ఆపే ఫిల్టర్ ఎందుకు? పాత డబ్బాల వల్ల ఈ రోజు ప్రమాదమేదైనా మిగిలి ఉంటే అది పాత ఇనుప సామాన్ల కొట్లలో ఉంది. పిక్చర్ ట్యూబు గరాటు గాజు బరువులో ఐదో వంతు దాకా సీసమే. రాగి తీగ కోసం దాన్ని పగలగొట్టే పిల్లవాడికి ఆ సీసం నుంచి కాపుదల కావాలి.

నీలి కాంతి లెక్క

మిగిలింది నీలి కాంతి. తీవ్రమైన నీలి కాంతి రెటీనాను దెబ్బతీయగలదు, అందులో అబద్ధం లేదు. సూర్యుణ్ణి తేరిపార చూస్తే జరిగేది అదే. అయితే ప్రశ్న ఎంత అన్నది. ఆఫీసు మానిటర్ వెలుగు మామూలుగా చదరపు మీటరుకు 250 నుంచి 350 క్యాండెలాలు. మబ్బుల్లేని ఆకాశానిది కొన్ని వేలు. అంటే డాబా మీద నిలబడి ఆకాశం వైపు చూసినప్పుడు కంటికి అందే నీలి కాంతి ముందు తెర కాంతి ఎక్కడా ఆనదు. బ్రిటన్ పరిశోధకులు ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌ల వెలుగును కొలిచి 2016లో ప్రకటించిన ఫలితమూ అదే: ఎంతసేపు చూసినా అవి భద్రతా హద్దుల లోపే ఉన్నాయి.

కళ్ళద్దాల షాపులో 'బ్లూ కట్' వేయించమంటారు. షాపువాడు నీలి లేజర్ లైటును అద్దం మీద కొట్టి, అది అవతలికి పోలేదని చూపిస్తాడు. చూపించింది నిజమే, దాంతో కంటి అలసట తగ్గుతుందన్నదే తేలని మాట. 2023లో, వైద్య ప్రయోగాలను జల్లెడ పట్టే కొక్రేన్ సంస్థ సమీక్ష 17 ప్రయోగాలను కలిపి చూసి, కంటి అలసట తగ్గించడంలో వీటివల్ల స్వల్పకాలంలో ప్రయోజనం లేకపోవచ్చని చెప్పింది. నీలి కాంతి నిజంగా చేసే పని మరొకటి ఉంది. రెటీనాలోని కొన్ని కణాలు ఆ వెలుగును బట్టే పగలో రాత్రో మెదడుకు చెబుతాయి. రాత్రి పదింటికి మొహం మీద ఫోను వెలుగు పడుతుంటే నిద్ర తెచ్చే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. దానికి మందు అద్దం కాదు, ఫోను పక్కన పెట్టడమే.

అయితే కళ్ళెందుకు మండుతాయి?

1993లో జపాన్ వైద్యులు సుబోటా, నకమోరి 104 మంది ఆఫీసు ఉద్యోగుల రెప్పలు లెక్కపెట్టారు. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 22 సార్లు రెప్ప వేశారు. పుస్తకం చదువుతుంటే 10 సార్లు. తెర చూస్తుంటే 7 సార్లు. ఈ మూడు అంకెల్లో మన బాధలో సగం ఉంది.

కంటి మీద కన్నీటి పొర ఎప్పుడూ పరుచుకుని ఉంటుంది. మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. కిందిభాగం జిగట, మధ్యలో నీరు, పైన సన్నటి నూనె పొర. ఆ నూనె రెప్పల అంచున వరసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. రెప్ప పడినప్పుడల్లా అవి నొక్కుకుని నూనె ఊరుతుంది, పొర కొత్తగా పరుచుకుంటుంది. రెప్ప వేయకపోతే ఆరోగ్యమైన కంట్లో కూడా పది సెకన్లు, కాస్త అటూఇటూగా పొర చిట్లి, పొడి మచ్చలు తేలతాయి. నిమిషానికి 22 రెప్పలంటే రెప్పకూ రెప్పకూ మధ్య మూడు సెకన్లు కూడా లేదు. 7 రెప్పలంటే ఎనిమిదిన్నర సెకన్లు. పొర చిట్లే గడువుకు పక్కనే నిలబడ్డట్టు. పైగా తెర ముందు వేసే రెప్పల్లో కొన్ని సగమే మూసుకుంటాయి. దీనికి నెత్తిన ఫ్యాను, మొహానికి ఏసీ గాలి తోడైతే సాయంత్రం కంట్లో ఇసుక పోసినట్టు ఉండటంలో వింతేముంది?

ఆ జపాన్ పరిశోధనలోనే మరో కొలత ఉంది. పుస్తకం చదివేటప్పుడు గాలికి తెరుచుకుని ఉండే కంటి ఉపరితలం 1.2 చదరపు సెంటీమీటర్లు. తెర చూసేటప్పుడు 2.3, దాదాపు రెట్టింపు. కారణం కిరణాలు కావు, చూపు కోణం. పుస్తకాన్ని కిందికి చూస్తాం, పైరెప్ప సగం దిగి కన్నును కప్పుతుంది. మానిటర్‌ను ఎదురుగా చూస్తాం, రెప్ప పైకి లేచిపోతుంది. అందుకే తెర పై అంచు కంటి మట్టానికి సమంగా గానీ కొంచెం కిందగా గానీ ఉండాలంటారు. సీపీయూ డబ్బా మీద మానిటర్ ఎక్కించి పెట్టే అలవాటు ఉన్నవారు ముందు దాన్ని దించాలి.

కండరం చేసే చాకిరీ

దూరంగా ఉన్నదాన్ని చూసేటప్పుడు కంట్లోని సిలియరీ కండరం విశ్రాంతిగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే అది బిగుసుకోవాలి, కటకం ఉబ్బాలి, రెండు కళ్ళూ ముక్కు వైపు తిరగాలి. 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మానిటర్‌కు కటకం సుమారు 1.7 డయాప్టర్ల (కటకం శక్తిని కొలిచే ప్రమాణం) పని చేస్తే, 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న ఫోనుకు 4 డయాప్టర్లు చేయాలి. అంటే కంప్యూటర్ కట్టేసి, కళ్ళకు విశ్రాంతి అంటూ ఫోను తీసినవాడు కండరానికి రెట్టింపుకు మించిన పని అప్పగించాడు.

నలభై దాటాక కటకం గట్టిపడి చత్వారం వస్తుంది. ఏ ఆఫీసులోనైనా బైఫోకల్ అద్దాలు పెట్టుకున్న పెద్దాయన్ను ఒకసారి గమనించండి. చదివే పవర్ అద్దం కిందిభాగంలో ఉంటుంది. మానిటర్ ఎదురుగా ఉంటుంది. ఆయన గడ్డం పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి, ముక్కు మీద నుంచి తెరను చూస్తాడు. అక్షరం సరిగా ఆనక ముందుకు జరుగుతాడు, మళ్ళీ వెనక్కి జరుగుతాడు. చదివే పవర్ అడుగు పైచిలుకు దూరానికి, పై అద్దం దూరపు చూపుకు. తెర ఆ రెండింటికీ మధ్యన ఉంది. సాయంత్రం మెడకు బామ్ రాసుకుంటూ కంప్యూటర్‌ను తిట్టుకుంటాడు. ఇంట్లోనో ఆఫీసులోనో కంటికీ తెరకూ మధ్య దూరం టేపుతో కొలిచి, ఆ అంకె కంటి డాక్టరుకు చెబితే ఆ దూరానికి సరిపడే అద్దం రాస్తారు. పరీక్ష చేయించని కొద్దిపాటి సిలిండర్ పవర్ కూడా తెర ముందే బయటపడుతుంది.

తెలుగు చదివేవారికి మరో చిన్న చిక్కుంది. ద కింద చిన్న గీత చేరితే ధ, ప కింద చేరితే ఫ. ఒత్తులు అక్షరం కాళ్ళ దగ్గర ముడుచుకుని ఉంటాయి. ఇంగ్లీషుకు చాలే అక్షర పరిమాణం తెలుగుకు చాలదు. 'సిద్ధం', 'సిద్దం' తేడా తెలియక కళ్ళు చికిలించారంటే అక్షరం చిన్నదైనట్టే. సెట్టింగ్స్‌లో పెంచడానికి పైసా ఖర్చు లేదు. వెలుగు సంగతి కూడా అంతే సులువు. తెర పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా మెరిస్తే తగ్గించండి, మసకగా ఉంటే పెంచండి. కిటికీ మీ వెనకా కాక, తెర వెనకా కాక, పక్కన ఉండేలా కూర్చోండి.

పిల్లల కళ్ళు

పిల్లల విషయం వేరు. ఎక్కువసేపు దగ్గరి పని చేస్తూ, ఆరుబయట తక్కువ తిరిగే పిల్లల్లో కనుగుడ్డు పొడవు సాగి హ్రస్వదృష్టి వచ్చే అవకాశం ఎక్కువ. ఇందులో తెర తప్పెంత, నాలుగు గోడల తప్పెంత అన్నదానికి చైనాలోని గ్వాంగ్జౌలో జరిగిన ప్రయోగం కొంత జవాబిచ్చింది. కొన్ని బడుల్లో ఆరేడేళ్ళ పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్ళ తరవాత మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది, ఆరుబయట పీరియడ్ ఉన్న బడుల్లో 30.4 శాతం మందికే. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థలోనూ హ్రస్వదృష్టి మీద ప్రత్యేకంగా పరిశోధన సాగుతోంది. ఆటల పీరియడ్‌ను లెక్కల క్లాసుగా మార్చే బడుల యాజమాన్యాలు ఈ అంకెలు చూడాలి.

భయపడాల్సిన కిరణాలు

కంటికి నిజంగా హాని చేసే కిరణాలు మన చుట్టూ ఉన్నాయి. వాటిని మనం పట్టించుకోం. రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో ముసుగు లేకుండా ఆర్క్ వైపు చూసే కుర్రాడి కార్నియాను అతినీలలోహిత కిరణాలు కాలుస్తాయి. ఆ క్షణంలో తెలియదు, కొన్ని గంటల తరవాత అర్ధరాత్రి నొప్పి నిద్ర లేపి ఏడిపిస్తుంది. గ్రహణం రోజున ఎక్స్-రే ఫిల్మ్‌లోంచి సూర్యుణ్ణి చూసేవారు రెటీనాను కాల్చుకుంటారు. గుండెకు స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్‌లో గంటల తరబడి ఎక్స్-రేల దగ్గర నిలబడే డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్ల కటకానికి శుక్లం ముప్పు ఉంది. అందుకే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో కంటి కటకానికి వార్షిక మోతాదు హద్దును 150 మిల్లీసీవర్టుల నుంచి 20కి దించింది. సీసపు కళ్ళద్దం అవసరమైన చోటు అది.

చేయవలసింది

తెర మూరెడు దూరానికి పైనే ఉండాలి, చేయి చాపితే వేళ్ళు తగిలేంత దూరమైతే సరి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరాన ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమనే సూత్రం ఒకటి ఉంది. ఆ అంకెల్లో మహత్తేమీ లేదు, గుర్తుండటానికి పెట్టినవి. ఆ కాసేపట్లో కళ్ళు పూర్తిగా మూసి తెరిచే రెప్పలు నాలుగు వేస్తే మరీ మేలు. ఏసీ గాలి మొహానికి తగలకుండా రెక్క తిప్పండి. మంట తగ్గకపోతే మెడికల్ షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోకండి. ఎరుపును ఇట్టే తగ్గించే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే, డాక్టరు చెప్పకుండా వాడినప్పుడు కంటి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. ఒక కంట్లోనే నొప్పి, ఉన్నట్టుండి చూపు మసకబారడం, మెరుపులు కనిపించడం తెర అలసట లక్షణాలు కావు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఫిల్టర్లకూ బ్లూ కట్ అద్దాలకూ పెట్టే డబ్బుతో ఏడాదికోసారి ఇంటిల్లిపాదీ కళ్ళ పరీక్ష చేయించుకోండి. పిల్లల్ని రోజూ వెలుతురున్న వేళ బయటికి పంపండి. తెర ముందు కూర్చున్నంతసేపూ రెప్ప వేయడం మరవకండి.